కాలెత్తిన బసవన్న

ఎర్రకనుమ కొనకొమ్మున, లోయ వైపు చూస్తూ, శ్రీ కాలెత్తు బసవేశ్వరస్వామి వారు వెలసి ఉన్నారు. నంది అంటే మోకాళ్ళు ముడుచుకుని శివుడి ఎదుట కూర్చుని ఉంటాడని మనకు తెలుసు. ఈ స్వామి అలా కూర్చోడు. మూడు కాళ్ళ మీద నిలబడి, కుడి ముందుకాలు ఎత్తి గిట్ట చూపిస్తూ ఉంటాడు. ఆ గిట్టకు ఇనుప నాడా ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు స్వామి తంతాడేమోనని ఒక అడుగు వెనక్కి వేస్తారు. అసలు కథ విన్నాక వాళ్ళే దగ్గరికి వచ్చి ఆ గిట్ట నిమురుతారు.

పూర్వం ఇక్కడ తారురోడ్డు లేదు. సముద్రతీరం నుంచి ఉప్పు బళ్ళు ఈ రాళ్ళదారినే కనుమ ఎక్కి పోయేవి. ఎక్కే ముందు ఎడ్లకు నాడాలు కొట్టించక తప్పేది కాదు కనుక కనుమ కింద కమ్మరి కొలుములు వరుసగా లేచాయి. అందరిదీ ఒకే ఇనుము, ఒకే కూలి. అలాంటప్పుడు బండివాళ్ళు మొదట కనబడిన కొలిమి దగ్గరే ఆగుతారు గదా! చిట్టచివరి కొలిమి సింగోజుది. అక్కడిదాకా వచ్చే బండే అరుదు.

ఈ సింగోజుకు ఒక పట్టుదల ఉండేది. నాడా కొట్టి ఊరుకునేవాడు కాదు. సుత్తి, మేకుల సంచి భుజాన వేసుకుని ఎద్దు వెంట మొదటి మలుపు దాకా నడిచేవాడు. అది ఎక్కడ తడబడినా ఆపి సరిచేసేవాడు. దానికి వేరే కూలి అడిగేవాడు కాదు. తక్కిన కమ్మరులు "కొట్టిన నాడాకు కాపలా కాస్తున్నాడురా" అని పగలబడి నవ్వేవారు. ఇంత చేసినా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. "ఈసారి ఉప్పు బళ్ళు మన వాకిట ఆగకపోతే కొలిమి ఆర్పేసి మా అన్న దగ్గరికి పోదామయ్యా" అని భార్య ఈరమ్మ తేల్చి చెప్పింది. కొలిమి ఆర్పడమంటే కమ్మరికి ప్రాణం పోయినంత పని.

ఆ మధ్యాహ్నమే ఒక తెల్లని ఎద్దు కుంటుకుంటూ వచ్చింది. వెంట మనిషి లేడు. కూలి ఎవరిస్తారంటూ ప్రతి కొలిమివాడూ దాన్ని అదిలించాడు. సింగోజు మాత్రం నిమిరి, కుడి ముందుకాలికి నాడా కొట్టాడు. సరిగ్గా అప్పుడే కోటిలింగం శెట్టి గారి ఉప్పు బళ్ళు బారులు తీరి వచ్చాయి. తక్కిన కొలుముల ముందు చోటు చాలక కొన్ని సింగోజు వాకిట్లోనే ఆగాయి.

"కాస్త ఆగండి శెట్టిగారూ, దీన్ని మలుపు దాకా దిగబెట్టి వస్తాను" అన్నాడు సింగోజు.

శెట్టికి అంత ఓపిక లేదు. బళ్ళను ముందు కొలుములకే మళ్ళించాడు.

ఈరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఎవరిదో తెలియని ఎద్దు కోసం వాకిట్లోకొచ్చిన బేరం పోగొట్టావు గదయ్యా!"

"నేను కొట్టిన నాడా అది. పట్టిందో లేదో చూడకుండా ఎలా వదిలెయ్యనే?" అని సింగోజు కదిలాడు.

మలుపు దగ్గర ఎద్దు ఆగి కాలెత్తింది. చూస్తే మేకు వదులైంది. బిగించాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ ఎత్తింది. మళ్ళీ బిగించాడు. "ఏం బసవన్నా, నాతో ఆటలాడుతున్నావా?" అని విసుక్కున్నాడే గానీ వెనక్కి తిరగలేదు. అలా ఎక్కీ ఎక్కీ పొద్దు వాలేసరికి కొనకొమ్ము చేరారు. అక్కడ ఎద్దు చివరిసారి కాలెత్తి, ఎత్తినది ఎత్తినట్టే శిలయిపోయింది. సింగోజు ఆ కాళ్ళ దగ్గరే సాగిలపడ్డాడు. కునుకు పట్టగానే కలలో స్వామి పలికాడు: "నా వెంట నడిచావు. తెల్లవారగానే దిగు. దారిలో నీ కోసం చూస్తున్నారు."

తెల్లవారి దిగుతుంటే నడిదారిలో శెట్టి బళ్ళు నిలిచిపోయి ఉన్నాయి. హడావుడిగా కొట్టిన నాడాలు రాళ్ళకు ఊడిపోయాయి. ఎడ్లు కుంటుతున్నాయి. ముందుకు పోలేరు, బళ్ళు తిప్పుకునే చోటూ లేదు. సంచితో దిగివస్తున్న మనిషిని చూసి శెట్టి ఎదురు పరుగెత్తాడు. సింగోజు ఒక్క దెప్పిపొడుపు మాట అనకుండా ఒక్కొక్క ఎద్దునూ పడుకోబెట్టి నాడాలు కొట్టాడు. మేకులు అయిపోతే రాలినవి ఏరి, సాగగొట్టి వాడాడు. కొనకొమ్ము దాటేదాకా బళ్ళ వెంటే నడిచాడు.

"డబ్బు పుచ్చుకున్నవాళ్ళంతా కిందే ఉండిపోయారు. నిన్ను కాదని పోయినవాణ్ణి, నా కోసం నువ్వొచ్చావు. ఇక ఈ దారిన నా బండి ఏది వచ్చినా నీ కొలిమి దగ్గరే ఆగుతుంది" అన్నాడు శెట్టి, కళ్ళు చెమ్మగిల్లగా.

ఆ మాట సముద్రతీరంలోని ఉప్పుకొఠారుల దాకా పాకింది. బళ్ళన్నీ మొదటి కొలుములు దాటుకుంటూ చివరి కొలిమికే వచ్చేవి. ఈరమ్మ మళ్ళీ కొలిమి ఆర్పే మాట ఎత్తలేదు. పని పెరిగి చేతులు చాలకపోతే సింగోజు తనను చూసి నవ్వినవాళ్ళనే పిలిచి, మలుపు దాకా నడవాలన్న ఒకే షరతు మీద పనిలో కలుపుకున్నాడు. ఎర్రకనుమ కమ్మరులంటే దేశమంతా పేరు మోగింది.

ఇప్పుడు కనుమ కింద మెకానిక్కు షెడ్లు ఉన్నాయి. లారీ బాగుచేసిన మెకానిక్కు నేటికీ క్లీనరు పక్కన ఎక్కి మొదటి మలుపు దాకా వెళ్ళి, ఇంజను చప్పుడు విని, కొనకొమ్ము వైపు తిరిగి స్వామికి దణ్ణం పెట్టుకుని దిగుతాడు. దానికి పైసా పుచ్చుకోడు. కొత్తగా దుకాణం తెరిచేవారు తొలి గిరాకీకి ముందు వచ్చి స్వామి గిట్టకు నూనె రాస్తే వ్యాపారం వృద్ధి పొందుతుందని ప్రతీతి. ఇక్కడ బాగుచేసిన బండి కనుమ మీద ఆగదని డ్రైవర్ల నమ్మకం. ఒకవేళ ఆగినా వాళ్ళు కంగారుపడరు, కిందికి చూస్తూ నిలబడతారు. సంచి భుజాన వేసుకుని ఎవరో ఒకరు ఎక్కి వస్తూనే ఉంటారు.