మొహం గుట్ట వైపు

తంగేడుకోన అనే అడవిలో అడవికోళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు, తాబేళ్ళు, నెమళ్ళు, కౌజుపిట్టలు కలిసి బతికేవి. ఆ అడవికి పడమటి దిక్కున బోడిగుట్ట ఉంది. పేరుకు తగ్గట్టే దాని మీద చెట్టన్నది లేదు, అంతా నడుమెత్తు గడ్డి. వానాకాలంలో ఆ గడ్డి పచ్చగా ఊగుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఎండాకాలం వస్తే మాత్రం దాన్ని చూసి కోనలోని ప్రతి తల్లికీ గుండెల్లో రాయి పడేది.

ఎందుకంటే ఏదో ఒక రోజు ఆ గడ్డి అంటుకుంటుంది. మంట గాలితో పాటు కిందికి దిగుతుంది. రెక్కలున్నవి ఎగిరిపోతాయి, కాళ్ళున్నవి పరుగెడతాయి. పొదల్లోని గుడ్లూ, ఇంకా నడక రాని కూనలూ ఎక్కడికి పోతాయి?

అందుకే పెద్దలు ఎప్పుడో ఆసరా సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. వాగు నుంచి తెల్లబండ దాకా, గుట్ట అడుగునంతా, ఒక బాట వెడల్పున ఎండుటాకు లేకుండా ఊడ్చి ఉంచడం దాని పని. తినడానికి ఏమీ దొరక్కపోతే మంట అక్కడే ఆగి చస్తుంది. ఆ బాటను మంటగీత అనేవారు. సంఘంలో జీతం లేదు, శిక్షా లేదు. పెద్దగా ఉన్నవాళ్ళు రమ్మని అడగొచ్చు. అంతకు మించి వాళ్ళ చేతిలో ఏమీ లేదు.

చాలా ఏళ్ళుగా ఆ సంఘానికి పెద్ద రాయుడు అనే నెమలి. మోదుగులు పూయగానే అతను తెల్లబండ ఎక్కి, పింఛం విప్పి, ప్రారంభోత్సవం చేసేవాడు. అందరూ రెక్కలు టపటపలాడించేవారు. ఆ ఒక్క పూటా తలా కాస్త ఆకు ఊడ్చి, చేతులు దులుపుకుని ఇళ్ళకు పోయేవారు. కిందటేడు మంట గీత దాటి కోనలోకి వచ్చేసింది. అదృష్టం బాగుండి అకాలవర్షం కురిసి ఆరిపోయింది.

"నా నాట్యం చూసే మేఘం వచ్చింది" అన్నాడు రాయుడు. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు, ఏం చేస్తాం!

ఈ ఏడు సంఘం సభలో మచ్చమ్మ అనే అడవికోడి లేచి నిలబడింది. రెక్కల మీద గోధుమ మచ్చలు, సన్నటి కాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒక దిగులు.

"రాయుడుగారూ, ఈసారి వాన రాకపోతే?" అని అడిగింది.

రాయుడు మెడ సాచి నవ్వాడు. "అంత భయమైతే నువ్వే పెద్దగా ఉండమ్మా! చూద్దాం నీ ప్రతాపం!"

అందరూ పకపకా నవ్వారు. కానీ డిప్పయ్య అనే ముసలి తాబేలు మాత్రం, "మంచిమాట. ఆమెనే పెద్దగా ఉండనీ" అన్నాడు. ఆ బరువు నెత్తికెత్తుకునేవాళ్ళు మరొకరు లేరు. అలా నవ్వులాటగా మొదలైనది నిజమై కూర్చుంది. ఆ రాత్రి మచ్చమ్మకు కంటి మీద కునుకు లేదు. తెల్లబండ వెనక కలివిపొదలో ఆమె గుడ్లు పెట్టి పొదుగుతోంది. మంట దిగితే ముందు కాలేది ఆ పొదే.

మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. కొత్త పెద్ద, కొత్త ఉత్సాహం. అందరూ కోన వైపు తిరిగి, తమ తమ ఇళ్ళను చూసుకుంటూ, ఆకును కాళ్ళతో బరబరా వెనక్కి గీరడం మొదలుపెట్టారు. మచ్చమ్మ వాళ్ళకు అడ్డంగా పరుగెత్తింది.

"ఆగండి, ఆగండి! ఆకు గుట్ట వైపు పోగుపడుతోంది. మంటకు మనమే మేత వేస్తున్నాం. అటు తిరగండి. మొహం గుట్ట వైపు, తోక ఇంటి వైపు. ఆకు మన వెనక్కి పడాలి. పడ్డదాన్ని పలచగా చెదరగొట్టాలి."

"గుట్టను చూస్తూ పనిచేస్తే భయమేస్తుందమ్మా" అన్నాయి కౌజులు.

"నాకూ భయమే. అయినా అటే తిరగాలి."

గొణుక్కుంటూ తిరిగారు. సాయంత్రానికి గీత నున్నగా, ఎర్రగా కనపడింది. మచ్చమ్మ ఆ రాత్రి కాస్త నిద్రపోయింది.

తెల్లారి చూస్తే గీత లేదు. టేకు ఆకులు, మద్ది ఆకులు రాత్రంతా రాలి, ఊడ్చిన నేలను మళ్ళీ కప్పేశాయి. నిన్నటి చాకిరీ అంతా నీళ్ళపాలు.

"నిన్ననే కదా ఊడ్చాం!" అన్నారు కొందరు. "రోజూ ఊడవాలంటే మాకు వేరే పన్లు లేవా?" అన్నారు ఇంకొందరు. ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. అదే సమయంలో రాయుడు మడుగు పక్కన నీడలో, మొదటిరోజు పనిచేసిన వారికి సన్మానం మొదలుపెట్టాడు. సన్మానానికి మాత్రం ఎవరూ ఆలస్యంగా రాలేదు.

మచ్చమ్మకు దిక్కు తోచలేదు. ఆకు రాలుతోంది, గడ్డి ఎండుతోంది, ఊడ్చేవాళ్ళు చూస్తే లేరు. ఇల్లిల్లూ తిరిగింది. తిరిగిన ప్రతి గడపలోనూ చిరాకు పడింది. దూదమ్మ అనే కుందేలు తన పొద ముందు కూర్చుని ఉంటే అక్కడా ఆగింది.

"నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. నీకు పిల్లలు లేరా దూదమ్మా?"

"అది కాదక్కా, నా కాలికి..."

"సాకులు వినే తీరిక నాకు లేదు!" అని విసవిసా వచ్చేసింది మచ్చమ్మ. దూదమ్మ ఎత్తిన ముందుకాలిని మెల్లగా దించుకుంది. ఆ తర్వాత కుందేలు గీత దగ్గర కనపడనే లేదు. చివరికి మిగిలింది మచ్చమ్మా, డిప్పయ్యా. డిప్పయ్య ఒక్క ఆకును పక్కకు నెట్టేలోపు పైనుంచి ఇంకో రెండు పడేవి.

మచ్చమ్మకు ఇంకో బెంగ కూడా ఉంది. పొద్దుటి పూట ఆమె గీత మీద ఉంటే గూట్లో గుడ్లు ఒంటరిగా ఉంటాయి. చల్లారిపోతే ఇక అంతే. ఆకు గీరుతున్నంత సేపూ ప్రాణం పొదలోనే ఉండేది. పని కాగానే పడుతూ లేస్తూ పరుగెత్తేది. తీరా చూస్తే గుడ్లు గోరువెచ్చగానే ఉండేవి. "ఎండ పుణ్యం" అనుకుని వాటి మీద కూర్చునేది.

ఒకరోజు ఆమె గీత మధ్యలో కూలబడి ఏడ్చేసింది. "నావల్ల కాదు తాతా. రాయుడు పిలిస్తే వస్తారు, నేను పిలిస్తే రారు."

డిప్పయ్య తల బయటికి చాపాడు. "నువ్వు పిలవడం లేదమ్మాయ్, కసురుతున్నావు. ఇంత పొడుగు గీత చూపించి ఊడవమంటే ఎవరికైనా నీరసమే. ఇది నాది అనుకోవడానికి తలా ఒక ముక్క ఇచ్చి చూడు."

మచ్చమ్మ కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి కసరలేదు. "అన్నా, రోజూ నీళ్ళకు ఈ దారినే పోతావు కదా. ఈ మద్ది నుంచి ఆ ఇప్ప దాకా నువ్వు చూసుకో. పోతూ పోతూ ఒకసారి గీరితే చాలు" అని అడవిపంది కోరన్నతో అంది. కోరన్న ఆ దారి వైపు చూసి, "అంతేనా? అంతైతే నా మూతితోనే అయిపోతుంది" అన్నాడు. కౌజులకు వాగు పక్క ముక్క దక్కింది. అడవికోళ్ళకు నడిమి ముక్కలు. దూదమ్మ పొద దగ్గరికి పోవడానికి మాత్రం మచ్చమ్మకు మొహం చెల్లలేదు. పక్కనుంచి తప్పుకుపోయింది.

మెల్లమెల్లగా గీత నిలబడింది. రోజూ ఆకు రాలేది, రోజూ గీరేవారు. మడుగు దగ్గర తన సన్మానాలకు జనం పలచబడటం చూసి రాయుడికి ఉక్రోషం వచ్చింది.

"నాకూ ఒక ముక్క కావాలి. తెల్లబండ దగ్గరిది. అక్కడైతే అందరికీ కనపడతాను" అన్నాడు.

మచ్చమ్మ తెల్లబండ వైపు చూసింది. ఆ ముక్క వెనకే ఆమె పొద ఉంది. అయినా పనికి వస్తానన్నవాణ్ణి వద్దనడం ఎలా? సరేనంది. రాయుడు రోజూ వచ్చేవాడు, అబద్ధమెందుకు. కానీ కోన వైపు తిరిగి, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ, ఆకంతా గుట్ట వైపుకు తన్నేవాడు. అక్కడ ఆకు కుప్ప పెరుగుతూ పోయింది.

"రాయుడుగారూ, అటు తిరగండి, మీకు పుణ్యముంటుంది."

"జనానికి వీపు చూపించి పనిచేసే అలవాటు నాకు లేదు!"

మచ్చమ్మ సాయంత్రాలు చాటుగా వచ్చి ఆ కుప్పను చెదరగొట్టబోయింది. రాయుడు చూశాడు. "నా ముక్కలో కాలు పెడితే మా నెమళ్ళందరం సంఘం మానేస్తాం" అన్నాడు. మచ్చమ్మ వెనక్కి తగ్గింది. నెమళ్ళు పోతే వాళ్ళ వెంట మిగతావాళ్ళూ పోతారు, గీతంతా పోతుంది. కుప్ప ఉంటే ఒక్క చోటే ముప్పు. ఏది తప్పో ఏది ఒప్పో తేల్చుకోలేక, రోజూ ఆ కుప్పను దూరం నుంచే చూసి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం వడగాలి మొదలైంది. గుట్ట వెనకనుంచి తెల్లటి పొగ లేచింది. చూస్తుండగానే నల్లబడింది. గడ్డి చిటపటమంటూ మంట కిందికి దిగసాగింది.

"గీత మీదికి రండి! ఎవరి ముక్క వాళ్ళు!" అని మచ్చమ్మ గొంతు చించుకుని అరిచింది. అందరూ వచ్చారు. పొద్దుటి నుంచి రాలిన నాలుగు ఆకులూ గీరేశారు. మంట వాగు దగ్గర గీతను తాకి ఆగింది. కోరన్న ముక్క దగ్గరా ఆగింది. నడిమి ముక్కల దగ్గర నాలుకలు చాపి, మేత దొరక్క చిన్నబోయింది.

తెల్లబండ దగ్గర మాత్రం ఆకు కుప్ప భగ్గుమంది. చెట్టెత్తున లేచింది. నిప్పురవ్వలు గీత దాటి లోపల పడ్డాయి. కుప్ప పక్కనే నిలబడ్డ రాయుడి పింఛం అంటుకుంది. "చచ్చాన్రోయ్!" అని అతను మట్టిలో పొర్లాడు. కోరన్న పరుగున వచ్చి మూతితో అతని మీద దుమ్మెత్తి పోశాడు. ప్రాణం దక్కింది, పింఛం దక్కలేదు.

రవ్వలు పడ్డ చోటల్లా పొగ లేస్తోంది. అక్కడికి కాస్త దూరంలోనే కలివిపొద. మచ్చమ్మ కాళ్ళు అటే లాగాయి. ఒక్క పరుగు తీస్తే గూడు. కానీ సంఘం పెద్దే పరుగెడితే అందరూ పరుగెడతారు. ఆ తర్వాత ఏ గూడూ మిగలదు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి.

"మొహం గుట్ట వైపు!" అని అరిచి, తనే ముందుగా మంటకు ఎదురు నిలబడి గీరడం మొదలుపెట్టింది.

ఒకరి పక్కన ఒకరు వచ్చి నిలబడ్డారు. కోరన్నా అతని తమ్ముళ్ళూ నేలను పెళ్ళగించి రవ్వల మీద మట్టి కప్పారు. కోళ్ళు ఆకును దూరంగా చెదరగొట్టాయి. కాళ్ళు కాలాయి, కళ్ళు మండాయి. ఎవరూ వెనక్కి తిరగలేదు. కుప్ప కాలి కాలి బూడిదైంది. తినడానికి ఇంకేమీ దొరక్క మంట చచ్చింది.

అప్పుడు పరుగెత్తింది మచ్చమ్మ. కలివిపొద ఒక అంచు మాడి నల్లబడింది. లోపల పొగ సుడి తిరుగుతోంది. అయినా తల లోపలికి దూర్చింది.

గూట్లో దూదమ్మ ఉంది. తెల్లటి పొట్టంతా పరిచి, గుడ్లన్నిటినీ కప్పుకుని, కళ్ళు మూసుకుని వణుకుతోంది. ఆమె వీపు మీద బొచ్చు అక్కడక్కడా కమిలింది. ముందుకాలు ముల్లు గుచ్చుకుని బాగా వాచి ఉంది.

"దూదమ్మా! నువ్వా! నువ్వెప్పుడు వచ్చావు?"

"రోజూ వస్తున్నానక్కా. ఈ కాలితో ఆకు గీరలేను. నువ్వేమో గీత మీద, గుడ్లేమో ఒంటరిగా. కప్పుకుని పడుకోవడమైతే చేతనవును కదా అనుకున్నాను. నువ్వొచ్చే అలికిడి వింటే వెళ్ళిపోయేదాన్ని. మళ్ళీ తిడతావని."

మచ్చమ్మ దూదమ్మ మెడ మీద తల వాల్చి, "ఆ రోజు నీ మాట విననే లేదు. తప్పు నాదే తల్లీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కుతో మెల్లగా ఆ ముల్లు తీసింది.

మర్నాడు తెల్లవారుజామున ఆకు రాలుతున్న చప్పుడుకు మచ్చమ్మ ఉలిక్కిపడి లేచింది. మంట పోయింది కదా అని అందరూ మానేస్తారేమో! గుట్ట మీద అక్కడక్కడా గడ్డి ఇంకా మిగిలే ఉంది. కాలిన కాళ్ళతో లేవబోతూ ఆగింది. బయట బరబరమని గీరుతున్న చప్పుడు. ఒకరిది కాదు, చాలామందిది.

పొదలోంచి తొంగి చూసింది. గీత పొడవునా అందరూ ఉన్నారు. ఎవరూ పిలవలేదు. అందరి మొహాలూ గుట్ట వైపే ఉన్నాయి. తెల్లబండ దగ్గర తోక లేని నెమలి ఒకటి, జనానికి వీపు చూపిస్తూ, తలెత్తకుండా గీరుతోంది.

మచ్చమ్మ మళ్ళీ గూట్లో కూర్చుంది. చాలా రోజుల తర్వాత నింపాదిగా కూర్చుంది. పొట్ట కింద ఒక గుడ్డులోంచి టిక్కు టిక్కుమని ముక్కుతో పొడుస్తున్న చప్పుడు వినపడింది.

నీతి: సేవను ఉత్సాహంతో ఎవరైనా మొదలుపెడతారు, రాలిన ఆకును రోజూ మళ్ళీ ఊడ్చేవాళ్ళు, తోటివాళ్ళ మాట ఆగి వినేవాళ్ళు మాత్రమే పదిమందిని నిలబెడతారు.