మూడు పేర్లు పాడిన బ్రోనా

అనగనగా అంటాను, ఊ కొడుతూ వినండి. సముద్రాల అవతల, ఐర్లండు దీవిలో ఒక చేపల రేవు. ఆ రేవులో బ్రోనా అని ఒకామె. పగలంతా కంపెనీ షెడ్డులో చేపలు కోసేది. ఎవరైనా పోతే శవం పక్కన కూర్చుని శోకం పాడేది. అది అక్కడి ఆనవాయితీ. శోకంలో పోయినవాళ్ళ పేరు చెప్పి తీరాలి. పేరు వదిలేస్తే ఆ మనిషిని రెండోసారి చంపినట్టు.

ఒక శీతాకాలం కంపెనీ పడవ మునిగింది. దాని అడుగు చివికిందని కంపెనీకి ముందే తెలుసు. ఫింటన్ పోయాడు, కోర్మాక్ పోయాడు, ఓవెన్ పోయాడు. "సముద్రం చేసిన పనికి మేమేం చేస్తాం?" అంది కంపెనీ. నష్టమైతే సముద్రానిది, లాభమైతే కంపెనీది!

ఓవెన్ కొడుకు డెక్లాన్. బ్రోనాకు అక్క కొడుకు. వాడు కరెంటు గిటారుతో వచ్చాడు.

"పిన్నీ, నీ శోకానికి నా గిటారు కలుపుతా."

"శోకానికి గిటారేంట్రా? శవం లేచి కూర్చుంటుంది."

"లేచి కూర్చోవాలనే!"

ఒకడు తోలుతిత్తి బూర ఊదాడు. ఒకతె డ్రమ్ములు బాదింది. పాత శోకం, కొత్త కోపం. లోకం దాన్ని కెల్టిక్ పంక్ అంది.

మొదట రేవు సారాకొట్టులో పాడారు. ఫింటన్, కోర్మాక్, ఓవెన్ అంది బ్రోనా. బెంచీలు విరిగాయి. తర్వాత పట్నంలో పాడారు. ఫింటన్, కోర్మాక్, ఓవెన్ అంది బ్రోనా. పోలీసులొచ్చారు. మూడోసారి రాజధానిలో పెద్ద స్టేజీ. ఆ స్టేజీ వేయించింది చేపల కంపెనీయే.

"పిన్నీ, పాటంతా పాడమన్నారు. పేర్లు మాత్రం వద్దన్నారు."

"మూడూనా?"

"మూడూ."

"ఓవెన్ నీకేమవుతాడ్రా?"

డెక్లాన్ తీగ బిగించుకున్నాడు. "ఒక్క పూటే కదా పిన్నీ. ప్రపంచమంతా వింటుంది."

"ఏం వింటుంది, నీ తీగల మోతా?"

బ్రోనా స్టేజీ ఎక్కింది. ఫింటన్ అంది. మైకు ఆపేశారు. కోర్మాక్ అంది. ముందు వరస దాకా వినిపించింది. ఓవెన్ అంది. డెక్లాన్ గిటారు హోరులో అది ఎవరికీ వినిపించలేదు.

బ్యాండు ఆమెను తీసేసింది. కంపెనీ షెడ్డులోకి రానివ్వలేదు. మూడు శీతాకాలాలు దగ్గి దగ్గి పోయింది. అప్పుడు తెలిసింది రేవు జనానికి, శోకం పాడటం తాము ఎవరూ నేర్చుకోలేదని. అంత పనీ ఆమె మీదే వదిలేశారు. చేతకానివాళ్ళలా సముద్రం వైపు తిరిగి, ఉత్త పేర్లు చెప్పారు. ముగ్గురివీ, ఆమెదీ.

డెక్లాన్ దేశదేశాలు తిరిగాడు. బ్రోనా బొమ్మ చొక్కాల మీదికెక్కింది. బతికుండగా మైకు ఆపిన కంపెనీ, చచ్చాక ఆమె పేర ఆ రేవులోనే ఏటేటా ఉత్సవం పెట్టింది. దోచినవాళ్ళే దండలేస్తారు, వాళ్ళకది అలవాటే.

ఇప్పటికీ ఆ ఉత్సవంలో ఆ పాట మొదలవగానే రేవు జనం స్టేజీకి వీపు తిప్పుతారు. సముద్రాన్ని చూస్తూ నాలుగు పేర్లు చెబుతారు. టికెట్టు కొని వచ్చిన పైఊరివాళ్ళు అదేదో డాన్సనుకుంటారు. నవ్వుకుంటూ వాళ్ళూ తిరుగుతారు.