జ్వరానికి వరస తెలీదు

శ్రావణ బహుళ విదియనాడు అన్యాయం జరిగింది చాకలి ఎర్రమ్మకి. వీధంతా జ్వరాలు, ఆమె కూతురు మూసిన కన్ను తెరవడం లేదు. ఊరికున్న ఒక్క వైద్యుణ్ణీ రాజు కోటలో కూర్చోబెట్టుకున్నాడు. వైద్యం హోదా ప్రకారం జరగాలట: ముందు రాజుకి, తరవాత మంత్రికి, ఆఖర్న చాకళ్లకి. రాజేమో గుండ్రాయిలా ఉన్నాడు, అందుకని వరస అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఎర్రమ్మ తన కూతురు కప్పుకున్న దుప్పటి మూటకట్టుకుని సభకొచ్చింది.

"తప్పు మాదే దొరా. తమరికంటే ముందు మేం జ్వరం తెచ్చుకున్నాం. అందుకే తమరి వాటా మోసుకొచ్చాను. ఇది కప్పుకుంటే రేపటికి తమరికొస్తుంది, ఎల్లుండికి మంత్రిగారికి. ఆ తరవాత మా వంతు రాక తప్పదుగా."

ఆమె ముడి విప్పబోయింది. రాజు సింహాసనమెక్కి నిలబడ్డాడు. మంత్రి అప్పటికే గడప దాటాడు.

"వైద్యుణ్ణి తీసుకుపోవే తల్లీ."

"ఎన్నాళ్లకి దొరా?"

"మీ వీధిలోనే కాపురం పెట్టించుకో, ఆ మూట మాత్రం విప్పకు."

వైద్యుడు చాకలివీధిలో కాపురం పెట్టినట్టు శాసనంలో ఉంది. తేదీ శ్రావణ బహుళ తదియ.