ఉత్త పోపు పైడమ్మ

కాళ్ళు తిన్నగా చాపుకో. దుప్పటి నా మీంచి లాగకు. రాజు కథ కాదు, ఇవాళ వంటావిడ కథ. రాజులకేం, అడక్కుండానే కంచం ముందుకొస్తుంది. ఈ కథ తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఊఁ కొట్టు.

అనగనగనగా, రైలు ఆగీ ఆగకుండా పోయే ఒక చిన్న ఊళ్ళో, పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. పొద్దున్నే లేచి చేటలకొద్దీ బియ్యం కడిగేది. అప్పుడు పెద్ద గుండిగ పొయ్యి మీదికి ఎక్కించేది. ఆ తర్వాత నీ అంత గరిటెతో పప్పు కలిపేది. వయసంతా ఆ పొయ్యి ముందే గడిచిపోయింది.

ఆ తర్వాత ముసలిదైంది. హాస్టలు వాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఇక ఇంటికి పొమ్మన్నారు. వరసగా గోడకి గోడ ఆనించి కట్టిన లైను ఇళ్ళల్లో ఒక గది తీసుకుంది. నెల మొదట్లో చిన్న పింఛను వస్తుంది. మళ్ళీ నెల మొదటిదాకా అదే. ఒంటి మనిషి, జాగ్రత్తగా వండుకుంటే సరిపోవాలి. అక్కడే వచ్చింది తంటా.

ఆవిడకి ఒక్కళ్ళకి వండడం రాదు! నవ్వకు, నిజం. డబ్బాలోకి వెళ్ళిన చెయ్యి నిండా తప్ప బయటికి రాదు. గిన్నె మూత లేచిపోయేంత అన్నం వండేది. అంత అన్నం ఏం చేస్తుంది? పారబొయ్యడానికి ప్రాణం ఒప్పదు. గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరినీ పిలిచి పెట్టేది. నెల మొదట్లో ఆ ఇల్లు పెళ్ళివారిల్లు. నెల చివరికి డబ్బా బోర్లించినా గింజ రాలదు.

పోనీ, ఎవరినైనా అడగొచ్చు కదా? అబ్బే! వంటావిడ పస్తులుందంటే పరువు పోదూ! అందుకని ఏం చేసేదో తెలుసా? ఉత్త మూకుడు పొయ్యి మీద పెట్టేది. చుక్క నూనె వేసి, నాలుగు ఆవాలు చిటపటలాడించేది. ఓ కరివేపాకు రెబ్బ పడేసేది. లైనంతా ఘుమఘుమ. "ఏం వండావు వదినా?" అని పక్కింటి దుర్గాంబ అడిగితే, "వంకాయ పులుసమ్మా, పొట్ట పట్టనంత తినేసినాను" అనేది. ఆ తర్వాత చెంబుడు నీళ్ళు తాగి పడుకునేది. ఏం మనిషమ్మా! పోపు పెట్టే ఓపిక ఉంది కానీ, నోరు తెరిచి అడగడానికి లేదు.

దుర్గాంబ ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసినావిడ. పస్తుల సంగతి తెలీదు కానీ, బియ్యం తొందరగా అయిపోతున్నాయని కనిపెట్టింది. ఓ చిన్న గ్లాసు తెచ్చి, "దీనికి మించి పొయ్యకు వదినా" అంది. పైడమ్మ సరేనంది. ఓ గ్లాసు పోసింది. అప్పుడు, ఎవరైనా వస్తారేమోనని ఇంకో గ్లాసు పోసింది. ఆ తర్వాత, గిన్నె వెలితిగా ఉందని ఇంకో గ్లాసు!

దుర్గాంబ ఊరుకోలేదు. గుప్పెడంత గిన్నె కొనిపెట్టింది. పైడమ్మ అందులో పూటకి మూడు వాయిలు వండింది.

అప్పుడు ఇటు పక్కింటి సూరన్న వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. "నీ బియ్యం బస్తా నా ఇంట్లో ఉంచు. రోజూ వచ్చి ఓ గ్లాసుడు పట్టుకెళ్ళు" అన్నాడు. మొదటి రోజు వెళ్ళింది. రెండో రోజు వెళ్ళింది. మూడో రోజు గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. నా బియ్యం నేనే గ్లాసు పట్టుకుని అడుక్కోవాలా, అనుకుంది. అనుకుని, ఇంట్లో కూర్చుని ఉత్త పోపు పెట్టింది! సూరన్నేమో ఆ వాసన చూసి, వేరే బియ్యం కొనుక్కుందిలే అనుకున్నాడు. బస్తా గోడకి అటు, ఆకలి గోడకి ఇటు. నేనక్కడుంటేనా, ఆ గరిటె లాక్కుని... సరే, ఊఁ కొట్టు.

ఒకరోజు కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి, కళ్ళు తిరిగి పడిపోయింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఇంటికి తెచ్చారు. మజ్జిగ తాగించారు. అప్పుడు దుర్గాంబ పొయ్యి మీద మూకుడు చూసింది. మాడిన ఆవాలు, ఓ కరివేపాకు రెబ్బ. ఇంకేం లేదు. ఆవిడ నెత్తి కొట్టుకుంది. సూరన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నీకొక్కదానికేటి ఈ బాధ? గ్యాసు అయిపోద్దని నేను మరమరాలు తిని పడుకుంటన్నాను. ఈ దుర్గాంబ ఒకరోజు వండింది మూడ్రోజులు తింటంది. అందరం పింఛనోళ్ళమే కదా! ఎవరి బియ్యం వాళ్ళు తెద్దాం. ఒక్క పొయ్యి వెలిగిద్దాం. నువ్వు వండు."

మర్నాటి నుంచి అలాగే చేశారు. వాసన చూసి లైనులో మిగతా ముసలివాళ్ళు కూడా బియ్యం గ్లాసులతో వచ్చేశారు. ఎక్కణ్ణుంచో ఓ గుండిగ తెచ్చి పొయ్యెక్కించారు. చాన్నాళ్ళకి పైడమ్మ చెయ్యి ఇబ్బంది పడకుండా వండింది.

"అయిపోయిందా అమ్మమ్మా?"

అయిపోతే నాకీ తలనొప్పి ఎందుకే! పైడమ్మ ఇంకా చిక్కిపోతూనే ఉంది. ఎందుకంటావు? వాళ్ళ హాస్టల్లో ఒక పద్ధతి. ఆఖరి పిల్ల తిని లేచేదాకా, వండినవాళ్ళు ముద్ద ముట్టకూడదు. అది ఆవిడ ఒంట్లో జీర్ణించుకుపోయింది. అందరికీ కొసరి కొసరి వడ్డించేది. అందరూ లేచాక చూస్తే గుండిగలో మాడు చెక్క. "నువ్వు తిన్నావా?" అంటే, "వండతా వండతా తినేసినాను" అనేది. అబద్ధాల పుట్ట!

ఒకరోజు ఆవిడ గుండిగలో నీళ్ళు పోసి, ఆ మాడు గీకి, ఆ నీళ్ళు తాగుతుంటే దుర్గాంబ కంటపడింది. వెళ్ళి సూరన్నకి చెప్పింది.

మర్నాడు అందరూ వరసగా కూర్చున్నారు. పైడమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. సూరన్న కంచం బోర్లించేశాడు. ఆ తర్వాత దుర్గాంబ బోర్లించింది. ఆ తర్వాత లైనంతా బోర్లించేసింది.

"ఏటయింది బాబూ? పులుసు చల్లారిపోతంది!"

"చల్లారనీ. ముందు నువ్వు కూకో."

"నేను తరవాత తింటాను."

"అయితే మేమూ తరవాతే."

బతిమాలింది. తిట్టింది. అన్నం ముందు అలగకూడదని దండం కూడా పెట్టింది. ఒక్కరూ కంచం తిప్పలేదు. ఎదురుగా ఇంతమంది తినకుండా కూర్చుంటే ఆవిడ తట్టుకోగలదా? చివరికి గరిటె దుర్గాంబకిచ్చి, గోడవారన కూలబడింది.

దుర్గాంబ పొగలు కక్కే అన్నం వడ్డించి, పులుసు పోసింది. పైడమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలిక చుర్రుమంది. "అమ్మో! ఇంత వేడిగా ఉంటదేటి అన్నం?" అంది. చూడు మరి! పొయ్యి ముందు జుట్టు నెరిసిన మనిషి, తను వండింది వేడిగా తినడం అదే మొదటిసారి. కోపం రాదూ నాకు? ఏడుపూ వస్తుంది.

దుర్గాంబ కళ్ళు ఒత్తుకుంది. సూరన్న తల దించుకుని తన కంచం తిప్పుకున్నాడు. పైడమ్మ మాత్రం ఏడవలేదు. ఆఖరి మెతుకుదాకా ఊడ్చుకుని తింది. ఆ తర్వాత ఖాళీ కంచం ముందుకి తోసి, "దుర్గాంబా, మళ్ళీ వడ్డించు" అంది.

కథ పోయింది కంచికి,
కూడు చేరింది కంచానికి,
కబుర్లు చాలించి మంచానికి,
కళ్ళు మూసుకో నిద్దరకి!