ఏటేటా ఓడే కాటయ్య

కొండవాగు ఎండి ఇసుక తేలిందంటే జొన్నకోతలు అయిపోయినట్టే. జొన్నకోతలు అయిపోయాయంటే కుస్తీల రోజు వచ్చేసినట్టే. ఆ అడవి అంచున బతికే జీవాలన్నీ ఏడాదికొక్కసారి ఆ ఇసుకలో గోదా కట్టుకుంటాయి. రాళ్లు ఏరి, కొమ్ములతో తవ్వి, ఎర్రమట్టి కలిపి గుల్ల చేస్తాయి. కుస్తీ చూడవచ్చిన ప్రతి జీవీ నోట పట్టినంత మేత తేవాలి. ఎలుక తెచ్చే ఒక్క గింజైనా సరే, ఏనుగు తెచ్చే చెరకు మోపైనా సరే, కుప్పలో వేశాకే కూర్చోవాలి. గాడిద పోలమ్మ నడిపే కొట్టం కోసమే ఆ కుప్ప. కళ్లు పోయిన గుర్రం, పళ్లూడిన మేక, కాలు విరిగిన జింక, ఇలా తిరిగి మేయలేనివాళ్లంతా ఆ కొట్టంలో ఉంటారు. వానలు పట్టిన నాలుగు నెలలూ వాళ్ల కడుపు నింపేది ఆ కుప్పే.

ఆఖరి కుస్తీ ఎప్పుడూ ఆబోతు పుల్లయ్యకీ, దున్నపోతు కాటయ్యకీ. పుల్లయ్య నిగనిగలాడుతూ దిగితే అందరూ లేచి నిలబడతారు. కాటయ్య ఒంటినిండా బురదతో, కళ్లెర్రజేసుకుని దిగితే అందరూ తిట్లు లంకించుకుంటారు. కాటయ్య అతణ్ణి రెండుసార్లు ఎత్తి కుదేస్తాడు. పుల్లయ్య పని అయిపోయిందని కోతులు నెత్తి బాదుకునే వేళకు, పుల్లయ్య లేచి కాటయ్యను ఎత్తి విసిరేస్తాడు. పదకొండేళ్లుగా జరుగుతున్నది ఇదే. అయినా ప్రతి ఏడూ కొత్తగానే ఉంటుంది. గెలిచినవాడు ఆ పూటకి కుప్పకు యజమాని. తనకు కావలసింది తీసుకుని మిగతాది కొట్టానికి పంపాలి. పుల్లయ్య ఒక చెరకు ముక్క కొరుక్కుని, మిగతాదంతా పోలమ్మ వీపుకెత్తేవాడు.

ఇక కాటయ్యకు మిగిలేది పేరు. మర్నాటి నుంచి ఏడాది పొడుగునా గొర్రెపిల్లలు కూడా "ఓటి కాటయ్య" అని వెనకాల కూస్తాయి. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు కదా, ఆ సామెత కట్టినవాడు దున్నపోతును అడిగి కట్టలేదు. కాటయ్యకు బాధగానే ఉండేది. పోలమ్మ కొట్టం వైపు వెళ్లి, వాళ్లు మేత నమిలే చప్పుడు కాసేపు వింటే ఆ బాధ కాస్త తగ్గేది.

ఆ ఏడాది కుస్తీలకు ఇంకా వారం ఉందనగా, కాటయ్యా పుల్లయ్యా ఇసుకలో సాధన చేస్తున్నారు. ఎవరు ఎప్పుడు ఎత్తాలో, ఎవరు ఎటు పడాలో మాట్లాడుకుంటున్నారు. తుంగదుబ్బుల వెనక నుంచి నక్క కోనప్ప అంతా విన్నాడు. పుల్లయ్య వెళ్లేదాకా ఆగి, తీరిగ్గా కాటయ్య ముందుకొచ్చి కూర్చున్నాడు. కోనప్పకు ఎవరితో పని పడితే వాళ్లతో వరస కలుస్తుంది.

"మావా, పదకొండేళ్లు మమ్మల్ని బలే నమ్మించారే" అన్నాడు.

కాటయ్య నెమరు ఆగిపోయింది. కోనప్ప తొందరపడకుండా చెప్పాల్సిందంతా చెప్పాడు. రేపు బండరాయి ఎక్కి నాలుగు దిక్కులకూ వినపడేలా చాటిస్తాడట. ఉత్తుత్తి కుస్తీ చూడ్డానికి ఎవరు మాత్రం నోటి దగ్గర మేత తెచ్చి పోస్తారని అడిగాడు. చాటించకుండా ఉండాలంటే సగం కుప్ప తనకు రావాలన్నాడు. గడ్డీ గింజలూ నువ్వేం చేసుకుంటావని కాటయ్య అడిగితే, గింజలు తన గుమ్మం ముందుంటే వానాకాలమంతా ఎలుకలూ కోళ్లూ వాటంతటవే నడిచొస్తాయని నవ్వాడు.

కాటయ్య రెండు దారులూ తూచి చూశాడు. చెబితే కుప్పే ఉండదు. ఇస్తే సగం వానాకాలం పస్తు. కిందటేడు ముసురు పట్టినప్పుడు గుడ్డి గుర్రం, ఇంకా ఎన్నాళ్లకు సరిపోతుందే పోలమ్మా అని అడిగిన మాట గుర్తొచ్చింది. కాటయ్యది నిదానపు బుర్ర. కొండ నీడ వాగు దాటేదాకా నెమరేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత తలెత్తాడు.

"సగమెందుకు అల్లుడూ? ఈసారి గెలుపు నువ్వే తీసుకో. కుప్పంతా నీ చేతికే వస్తుంది."

"నేనా? నీ మీదా?"

"పుల్లయ్య గెలిచినట్టే నువ్వూ గెలుస్తావు. రెండుసార్లు నిన్ను ఎత్తి వేస్తాను. మూడోసారి నా ముందరికాలు పట్టుకో, నేనే పడిపోతాను."

కోనప్ప కళ్లు మెరిశాయి. కుప్పకు కుప్ప, పేరుకు పేరు.

"అయితే పడ్డానికో పద్ధతుంది" అన్నాడు కాటయ్య. "మెడ లోపలికి లాక్కోవాలి. ఊపిరి వదిలెయ్యాలి. వీపంతా ఒక్కసారే నేలకానాలి. అది పట్టుబడ్డానికి నాకు రెండేళ్లు పట్టింది. నీకు వారం ఉంది. రోజూ పొద్దున్నే వస్తే నేర్పుతాను."

"పడ్డం కూడా నేర్చుకోవాలా మావా? పండుటాకు ఎవరి దగ్గర నేర్చుకుందట?" అని కోనప్ప తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

కాటయ్య ఊరుకోలేదు. మరో రెండుసార్లు కాకి చేత కబురు పెట్టాడు. కోనప్ప రాలేదు. సంగతి విని పుల్లయ్య బెంబేలెత్తాడు. కుప్ప మనమే నక్క నోట్లో పెట్టినట్టు కాదా అని అడిగాడు.

"వాడు నేర్చుకుంటే పెట్టినట్టే. కానీ పదకొండేళ్లు నన్ను చూసి నవ్వినవాడు నా దగ్గర కూర్చుని నేర్చుకుంటాడా?" అన్నాడు కాటయ్య. అన్నాడే గానీ, కుస్తీల రోజుదాకా అతనికి మేత సహించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పుల్లయ్యకు బదులు కోనప్ప గోదాలోకి దిగేసరికి కోతులు కిందపడి నవ్వాయి. కోనప్ప నాలుగు వైపులకూ దండాలు పెట్టాడు. కాటయ్య అతణ్ణి కొమ్ముల వంపులో ఇరికించి ఎత్తాడు. పుల్లయ్యను ఎత్తినంత ఎత్తుకు కాదు, అందులో సగానికే. మెత్తగా తవ్విన చోటు చూసి మరీ వేశాడు. కోనప్ప మెడ చాచి, ఊపిరి బిగబట్టి, నేరుగా తన తోక మీదే పడ్డాడు. పక్కటెముకల్లో ఎక్కడో కలుక్కుమంది. కాసేపు నోరు తెరిచినా గాలి లోపలికి పోలేదు.

కాటయ్య వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "రెండోది ఉంది అల్లుడూ. వెయ్యనా?"

"ఉత్తుత్తిదన్నావు కదయ్యా."

"ఆ మాట నువ్వన్నావు. నేను పద్ధతుందన్నాను."

ఒప్పందం ఒప్పందమే కదా అని కాటయ్య మళ్లీ కొమ్ములు ఆనించాడు. కాళ్లు నేల వదలగానే కోనప్ప గిలగిలా కొట్టుకున్నాడు. "చాలు, చాలు, ఓడిపోయాను. దింపండి బాబూ, ఇది నిజం కుస్తీ. నా ఎముకల సాక్షి, ఇది నిజం కుస్తీ" అని వాగు వాగంతా వినపడేలా అరిచాడు. కాటయ్య అతణ్ణి గుడ్డు దించినట్టు నెమ్మదిగా ఇసుక మీద దించాడు.

ఇక ఆ నోటితో బండరాయి ఎక్కి ఏం చాటిస్తాడు? గెలిచిన కాటయ్యను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక జనమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరో గొర్రెపిల్ల "జై కాటయ్యా" అని మొదలుపెడితే అందరూ అందుకున్నారు. పదకొండేళ్లలో మొదటిసారి కాటయ్య పేరు కేక వేయడం విని, అతను ఏం చేయాలో తెలియక తల దించుకున్నాడు. కుప్పలోంచి ఒక్క పరక కూడా ముట్టకుండా మొత్తం పోలమ్మకు ఎత్తాడు. లేవలేకపోతున్న కోనప్పను కూడా ఆ మేత మీదే పడుకోబెట్టి పంపాడు.

పక్కటెముకలు అతుక్కునేదాకా కోనప్ప వానాకాలం ఆ కొట్టంలోనే గడిపాడు. పోలమ్మ అదే కుప్పలోని జొన్నలతో జావ కాచి పోసేది. పక్కనే ఉన్న గుడ్డి గుర్రం, ఏమైంది నాయనా నీకు అని అడిగాడొకనాడు. కాటయ్యతో కుస్తీ పట్టానన్నాడు కోనప్ప.

"ఏటేటా ఓడిపోతాడే, ఆ కాటయ్యతోనా?"

కోనప్ప జావ గిన్నె పక్కన పెట్టి, మెల్లగా ఊపిరి తీసుకుని చెప్పాడు. "నేను ఒక్కసారి ఓడిపోతేనే ఇలా ఉన్నాను పెద్దాయనా. ఆయన పదకొండుసార్లు ఓడిపోయి, మర్నాడు లేచి మేతకెళ్లాడు."

పడ్డవాణ్ణి చూసి నవ్వేముందు, ఒక్కసారి పడి చూడాలి.