ముట్టుకోని ఇంజను

"ఏమీ చెయ్యనివాడికి పాపం ఎలా అంటుతుంది గురువుగారూ?" అని అడిగాడు భానోజీరావు.

అడిగినవాడి సంగతి కాస్త చెప్పాలి. భానోజీరావు మా గురువుగారి శిష్యులందరిలోకీ నెమ్మదస్తుడు. ఒకరి జోలికి పోడు, ఒకరిని పల్లెత్తు మాట అనడు. ఆ మంచితనం చూసే ఊళ్ళో ఆడపిల్లల హాస్టలుకు కమిటీ మెంబరుగా వేశారు. ఆ హాస్టల్లో నీళ్ళ ట్యాంకును ఏడాదిగా ఎవరూ కడగలేదు. కిందటి వారం పదకొండుమంది పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. అందులో ఒక పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లిదండ్రులు కమిటీవాళ్ళ ఇళ్ళమీదికి వచ్చి నిలదీశారు. ట్యాంకు తాళం తన దగ్గర లేదనీ, తను అసలు ఆ మేడ మెట్లే ఎక్కలేదనీ భానోజీరావు మా అందరికీ చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మెంబరన్నవాడు ఎక్కాల్సిన మెట్లు అవేనని అతనికి తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. గురువుగారు ఎక్కడ జాలిపడి నాలుగు చల్లని మాటలు చెబుతారోనని ఇంకా మండింది.

మా గురువుగారు పెమ్మాడి కాటంరాజుగారు పీఠాలూ పట్టాలూ ఉన్న మనిషి కారు. గోదావరి మీద పడవ ఇంజన్లు నడిపీ, బాగుచేసీ బతికి, ముసలితనంలో ఏటిగట్టు కింద పాకలో కూచుని అచలబోధ అనే వేదాంతం చెప్పేవారు. వాదించడం ఆయనకు గిట్టదు. ఎవరేం అడిగినా తను చూసిన ముచ్చట ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆ వేళ మాత్రం నోరు విప్పేముందు భానోజీరావు మొహంలోకి చాలాసేపు చూశారు. ఆయన మొహంలో అంత కోపం నేనెన్నడూ చూసి ఉండలేదు. తర్వాత ఆయన చెప్పింది ఇది.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట పుల్లేటి లంకను వరద ముంచింది. గట్టుమీది రోడ్డు తెగి, టౌను ఆస్పత్రికి దారి లేక జనం నానా అవస్థా పడ్డారు. లంకవాళ్ళు అర్జీల మీద అర్జీలు పెట్టుకోగా సర్కారు కరుణించి ఒక వరద పడవనూ, దానికి కొత్త డీజిలు ఇంజనునూ ఇచ్చింది. లారీలోంచి ఆ ఇంజనును దింపి, రేవు పక్కన కట్టిన షెడ్డులోకి మోసుకెళ్ళిన పదిమందిలో చిట్టబ్బాయి అనే పాతికేళ్ళ లంక రైతు ఒకడు. భుజం కమిలిపోయినా నవ్వుతూనే మోశాడట. షెడ్డుకు పరాంకుశం అనే ఆయన సూపర్‌వైజరు. ఇంజనుకు కాటంరాజుగారు డ్రైవరు.

వరద వస్తేనే ఇంజనును పడవకు బిగించి నడపాలని రూలు. అది ఎప్పుడొస్తుందో గోదావరికే తెలియాలి. అందాకా ఇంజను షెడ్డులో ఊరికే ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది. తిరిగే ఇంజను అరుగుతుంది, అంతే. ఊరికే పడున్న ఇంజను చస్తుంది. ఏటి ఒడ్డు గాలి నిండా చెమ్మ. పగలు కాగి, తెల్లవారుజామున చల్లారినప్పుడల్లా ఇనుముకు లోపల చెమట పడుతుంది. ఆ తడి సిలిండరు గోడల్ని తినేసి పిస్టన్లను పట్టేస్తుంది. అందుకని ఇంజనులో నిలిచిన నీళ్ళన్నీ వదిలెయ్యాలి. సిలిండర్లలో కాస్త నూనె పోసి, వారానికోసారి హ్యాండిలు వేసి చేత్తో తిప్పాలి. పొగగొట్టం మూతికి గ్రీజు రాసిన గుడ్డ కుక్కాలి. టార్పాలిను నేలదాకా బిగించెయ్యకుండా కింద గాలి ఆడనివ్వాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. నెలకో సీసా నూనె, వారానికో పావుగంట.

కాటంరాజుగారు మొదటి నెలలోనే వెళ్ళి ఆ సీసా నూనె అడిగారు. పరాంకుశం గదిలో అప్పుడు నలుగురు పెద్దమనుషులు కూచుని టీ తాగుతున్నారు.

"తిరగని ఇంజనుకి నూనె దేనికయ్యా? ఇంటికి పట్టుకెళ్ళి పకోడీలు వేయించుకుంటావా?" అన్నాడు పరాంకుశం.

నలుగురూ నవ్వారు. అడిగినవాణ్ణి దొంగను చేసి నవ్వడం కంటే సులువైన పని లోకంలో లేదు. అంతటితో ఆగక, ఆ సాయంత్రమే ఇంజనుకు టార్పాలిను చుట్టించి, నేలదాకా లాగి తాళ్ళతో బిగించి, ముడులమీద లక్కతో సీలు వేయించాడు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని కాగితం రాసి గోడకు అంటించాడు.

ఇక ఆ ఇంజనుకు జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. ఏటా షెడ్డుకు సున్నం, తలుపులకు పచ్చరంగు. దసరాకు టార్పాలిను మీద పసుపు కుంకాలు, బంతిపూల దండ, ఎదురుగా కొబ్బరికాయ. పైన పటారం, లోన లొటారం. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు లక్కముద్రను వంగి చూసి, పుస్తకంలో సీలు భద్రంగా ఉందని రాసి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారు. మూడేళ్ళు ఇదే తంతు. లక్క ఎలా ఉందో అందరూ రాశారు. ఇంజను ఎలా ఉందో రాసిన మగవాడు ఒక్కడు లేడు.

మరి కాటంరాజుగారు ఏం చేశారని నేనే అడిగాను. దాచకుండా చెప్పారు. నలుగురిలో అంత మాట పడ్డాక ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదట. రేవులో ఏ పడవవాణ్ణి అడిగినా సీసాడు నూనె ఇచ్చేవాడు. తాడు విప్పి పని చూసుకుని మళ్ళీ లక్క కరిగించి ముద్ర వెయ్యడం అరగంట పని. వాన పడ్డ ప్రతిసారీ లోపల ఏం జరుగుతోందో ఆయనకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. అయినా నా బాబు సొమ్మేం పోయిందిలే అనుకుని, అంటీ ముట్టనట్టు తిరిగారు. జీతం మాత్రం ఒకటో తారీకున పుచ్చుకున్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో పరాంకుశం మీద ఉన్న కోపం కంటే ఎక్కువ కోపం వినిపించింది.

మూడో ఏడు శ్రావణమాసంలో మళ్ళీ వరద వచ్చింది. రోడ్డు మునిగింది. రెండో రోజు పొద్దున, నీటికి కొట్టుకొచ్చి గడ్డిమేటులో చేరిన నాగుపాము చిట్టబ్బాయిని చేతిమీద కరిచింది. లంకవాళ్ళు ప్రాణాలకు తెగించి నాటుపడవలో అతన్ని షెడ్డు ఉన్న అవతలి రేవుకు చేర్చారు. భార్య నూకరత్నం వెంట వచ్చింది. అక్కడి నుంచి ఆస్పత్రి ఏటికి ఎగువన పన్నెండు మైళ్ళు. ఆ ఉరవడికి ఎదురు తెడ్డు వేసి వెళ్ళడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఇంజను పడవైతే గంటన్నరలో చేరుస్తుంది. చిట్టబ్బాయి తన కాళ్ళమీద తనే గట్టెక్కి, షెడ్డు అరుగుమీద కూచున్నాడు. ఏడుస్తున్న భార్యను తనే ఊరడించాడు.

"ఏడవకే పిచ్చిమొగమా. మన ఇంజనుందిగా" అన్నాడు.

పరాంకుశం పరుగున వచ్చాడు. వచ్చి ఏం చేశాడనుకున్నారు? తాడు కోసేముందు సీలు చెక్కుచెదరకుండా ఉందని కాగితం రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించుకున్నాడు. పక్కన మనిషి ఒంట్లోకి విషం ఎక్కుతూ ఉంది.

టార్పాలిను తీశారు. ఇంజను పైకి నవనవలాడుతూ ఉంది, కంపెనీ రంగు కూడా చెదరలేదు. కాటంరాజుగారు హ్యాండిలు వేసి తిప్పబోయారు. కదల్లేదు. ఇద్దరు పట్టారు, నలుగురు వేలాడారు. సిలిండర్లలో కిరసనాయిలు పోసి నానబెట్టి, మళ్ళీ పట్టారు. హ్యాండిలు వంగింది గాని ఇంజను కదల్లేదు. అరుగుమీద చిట్టబ్బాయికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. భార్య ఒళ్ళో తలపెట్టుకుని కూడా ఇటే చూస్తున్నాడట. పైమూత విప్పేసరికి లోపలంతా ఎర్రటి తుప్పు, పొగగొట్టంలోంచి దోసెడు నీళ్ళు. పిస్టన్లు గోడలతో కలిసి ఒకే ముద్ద. కాటంరాజుగారు ఆ తుప్పు చేతులతోనే వెనక్కి తిరిగి చూసేసరికి చిట్టబ్బాయి ప్రాణం పోయింది.

నీళ్ళు తీశాక విచారణ పెట్టారు. గట్టుమీద కుర్చీ వేసుకుని ఒక పెద్ద ఆఫీసరు కూచున్నాడు. నూకరత్నం ఒక పక్కన చతికిలబడి వింటూ ఉంది. సీలు భద్రంగా ఉంది, నేను ముట్టుకోలేదు అన్నాడు పరాంకుశం. తాళం వేసిందే గాని ముట్టుకోలేదు అన్నాడు కాపలావాడు. చూశామే గాని ముట్టుకోలేదన్నారు తనిఖీవాళ్ళు. ముట్టుకోవద్దన్నారు, నేను ముట్టుకోలేదని కాటంరాజుగారు కూడా చేతులు కట్టుకుని చెప్పారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అక్కడ ఆ పిడికెడు కూడా పుచ్చుకున్నవాడు లేడు. ఆఫీసరు అన్నీ రాసుకుని, ఎవరివల్లా లోపం జరగలేదని చదివి వినిపించాడు. అప్పుడు నూకరత్నం లేచి నిలబడింది.

"ముట్టుకోనోళ్ళందరూ ఇక్కడే ఉన్నారు బాబయ్యా. మరి ముట్టుకోవాల్సినోడు ఎవడండి?"

ఆఫీసరు కలానికి మూత పెట్టుకున్నాడు. ఆవిడ రేవులోకి దిగి లంకకు వెళ్ళిపోయింది.

గురువుగారు అక్కడితో ఆపేశారు. భానోజీరావు తల వంచుకుని చాప ఈనెలు గిల్లుతూ కూచున్నాడు. చివరికి తల ఎత్తకుండానే, తన ప్రశ్నకు జవాబు చెప్పలేదని గొణిగాడు.

"నాకు తెలీదయ్యా" అన్నారు గురువుగారు. "ఆవిడ ఎదట పడే మొహం లేక నాకు ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పటికీ ఆ లంకలోనే ఉంది. నువ్వెళ్ళి అడుగు."