చేదబావి సాక్ష్యం

పాత శాసనాలంటే ప్రాణమిచ్చే రాజుగారు మారుమూల ఊళ్లు తిరుగుతూ గరుగుబండకు వచ్చారు. ఆ సీమ పాలెగాడు కొండలరాయుడు ఆయన్ను నేరుగా చేదబావి దగ్గరికి తీసుకెళ్లి, గట్టురాతి మీది అక్షరాలు చూపించాడు.

"మూడు వందల ఏళ్ల నాటి శాసనం, ప్రభూ. ఈ బావి మా వంశానికి దానమిచ్చారు. మీరు ముద్ర వేస్తే చాలు."

ముద్ర పడితే ఊరికున్న ఒక్క మంచినీళ్ల బావీ పోయినట్టే. నీళ్లకొచ్చిన మల్కమ్మకు ఒళ్లు మండింది. మొన్నటిదాకా ఆ రాతి మీద ఒక్క అక్షరమూ లేదు. కానీ పాలెగాడి మాట ముందు ఆమె మాట ఎవరు వింటారు?

"దొరా, ఇది ఎప్పుడు చెక్కించారు?" అని మెల్లగా అడిగింది.

"బావి తవ్విన రోజే. తొలి చేద పడకముందే," అన్నాడతను మీసం దువ్వుతూ.

మల్కమ్మ తన చేదతాడును గట్టురాతి గాడిలో పెట్టింది. తరతరాల తాళ్ల ఒరిపిడికి బొటనవేలంత లోతున పడిన గాడి అది. దాని అడుగున కూడా అక్షరాలు పదునుగా ఉన్నాయి.

"రాయినే ఇంత కోసిన తాడు, దొరగారి అక్షరాలకు భయపడి తప్పుకుపోయిందా, ప్రభూ?"

రాజుగారు గాడిలో వేలు పెట్టి చూసి పకపకా నవ్వారు. బావి ఊరిదేనని అక్కడికక్కడే తీర్పు చెప్పి, "ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నారు.

మల్కమ్మ కళ్లు చెమర్చాయి.

"నాదేముంది బాబూ. చదువు రాని మా అవ్వలు, ముత్తవ్వలు నీళ్లు చేది చేది రాసిపెట్టి పోయారు. మొక్కితే వాళ్లకు మొక్కండి."

రాజుగారు చెప్పులు విడిచి, ఆ గాడికి చేతులు జోడించారు.